సింధుకి, మొదటి సైనస్ లిఫ్టుకి ముందు

చిరంజీవి సింధుకి ఆశీస్సులు.

వచ్చే నెల నుంచి సైనస్ లిఫ్టులు నువ్వే చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. పై దవడలో ఇంప్లాంటుకి (పంటి వేరులా బిగించే మరకి) ఎముక చాలకపోతే, పక్కన కిటికీ తెరిచి, సైనస్ గాలిగది పొరని పైకెత్తి, కింద ఎముక నింపడమంటే చిన్న పనేం కాదు. గర్వంగానే ఉంది, గుబులుగానూ ఉంది. సీబీసీటీ (దవడ త్రీడీ స్కాన్) చూడందే కత్తి పట్టవని తెలుసు కాబట్టి ఆ పాఠం చెప్పను.

ముందు నింపే సరుకు, అంటే గ్రాఫ్ట్, సంగతి. పేషెంటు సొంత ఎముక అన్నిటికన్నా త్వరగా కుదురుకుంటుంది, కానీ కరిగి ఎత్తు తగ్గుతుంది. పశువు ఎముక గుళికలు ఏళ్లు గడిచినా పెద్దగా కరగవు, ఎత్తు నిలుపుతాయి. ఒట్టి బీటా టీసీపీ (సింథటిక్ కాల్షియం ఫాస్ఫేట్) కొత్త ఎముక రాకముందే కరిగిపోవచ్చు. నెమ్మదిగా కరిగే హైడ్రాక్సీఅపటైట్ కలిసినది నయం. దాత ఎముకైతే టిష్యూ బ్యాంకు కాగితాలు చూడు. నన్నడిగితే పశువు గుళికల్లో, కిటికీ తెరిచేటప్పుడు గీరిన సొంత ఎముక కలుపు.

నా భయమంతా ఎక్స్‌రే గురించే. పశువు గుళికలు పెట్టిన రోజే తెల్లగా కనిపిస్తాయి, నాలుగో నెలలోనూ అదే తెలుపు. ఆ తెలుపు గుళికలది, కొత్త ఎముకది కాదు. కొత్త ఎముక సైనస్ అడుగు నుంచీ గోడల నుంచీ పాకుతూ వచ్చి నడిమికి చివర్న చేరుతుంది. దవడలో సొంత ఎముక ఎత్తు 2, 3 మి.మీ. మాత్రమే మిగిలి, సైనస్ వెడల్పుగా ఉంటే ఇంకా ఆలస్యం. పేషెంటేమో కూతురి పెళ్లంటాడు, అమెరికా టికెట్టంటాడు. తొందరపడి డ్రిల్లు దింపావో, ఇసుకలో దింపినట్టే: గుళికలు రాలతాయి, ఇంప్లాంట్ ఊరికే తిరుగుతుంది. అప్పుడు ఇంకా లావుది బిగించే మొండితనం చెయ్యకు తల్లీ. తీసేసి, కుట్టేసి, మూణ్ణెల్లు ఆగు. ఆ పరిస్థితే రాకుండా ఇంప్లాంటుకి 6 నుంచి 9 నెలలు ఆగాలని మొదటి రోజే రాసిచ్చెయ్.

గుళికల్ని సెలైన్‌తో తడిపి వదులుగా నింపు. గట్టిగా కూరితే రక్తనాళాలకు దారుండదు, సైనస్ పొరా చిరుగుతుంది. చిరుగు 5 మి.మీ. లోపైతే కొల్లాజెన్ (జంతువుల నుంచి తీసే ప్రోటీన్) పొర వెయ్యి. మరీ పెద్దదైతే గ్రాఫ్ట్ పెట్టకుండా మూసెయ్, సిగ్గేం లేదు.

ఇంకోటి. గ్రాఫ్ట్ ఏ జంతువుదో పేషెంటుకి తెలుగులోనే చెప్పి సంతకం తీసుకో. వద్దంటే సింథటిక్ పెడతావు సరే, పైన కప్పే కొల్లాజెన్ పందిదో పశువుదో కావచ్చు. డబ్బా మీద చదువు. ఇది చాలామంది మర్చిపోతారు.

రెండు వారాలు ముక్కు చీదొద్దని, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మమని చెప్పు.

మొదటి కేసు స్కాన్ నాకు పంపు. ఫోన్లో ఫొటో కాదు, మొత్తం ఫైలు.

నీ
పెదనాన్న