పదిమంది ఉన్న ఏజెన్సీలో మొదటి ఉద్యోగం: చేరాలా, వద్దా?

ప్రశ్న: గ్రాఫిక్ డిజైన్‌లో డిగ్రీ పూర్తిచేశాను. పదిమంది పనిచేసే ఒక క్రియేటివ్ ఏజెన్సీ నుంచి ఆఫర్ వచ్చింది. ఓ పెద్ద ఏజెన్సీలో ఇంటర్వ్యూ బాగా జరిగింది కానీ ఇంకా ఏమీ చెప్పలేదు. చిన్న కంపెనీ ఎప్పుడు మూతపడుతుందో తెలియదని నాన్నగారు భయపడుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ పనిని రోజూ చూసి, తప్పులు దిద్దే సీనియర్ ఆ పదిమందిలో ఉంటే చేరండి. లేకపోతే పెద్ద ఏజెన్సీ కబురు కోసం ఆగండి. నా సలహా అంతా దీనిమీదే ఆధారపడి ఉంది.

పెద్ద ఏజెన్సీలో క్లయింట్‌తో మాట్లాడేది అకౌంట్ టీమ్, ఐడియా చేసేది క్రియేటివ్ టీమ్, ఫైలును ప్రింట్‌కు సిద్ధం చేసేది స్టూడియో. కొత్తగా చేరినవాళ్లకు చాలాకాలం ఆ గొలుసులో ఒక్క ముక్కే కనిపిస్తుంది. చిన్నచోట ఆ మూడూ మీ టేబుల్ మీదికే వస్తాయి. ఒక బ్రోషర్ సంగతే తీసుకోండి. పొద్దున బ్రీఫ్ (క్లయింట్‌కు ఏం కావాలో ఆ వివరం) వినేదీ మీరే, సాయంత్రం ఫైలు పంపేదీ మీరే. చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కాగితం కోసేటప్పుడు పోయే అదనపు అంచు) వదిలారా, ఫొటోలు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) ఉన్నాయా అన్నది చూసుకోవాలి. స్క్రీన్ మీద ధగధగలాడిన ఆకుపచ్చ సీఎంవైకేలోకి (ప్రింట్‌కు వాడే నాలుగు సిరా రంగుల్లోకి) మార్చగానే ఎందుకు వెలిసిపోయిందో క్లయింట్‌కు చెప్పాల్సిందీ మీరే. ఆ రంగు సిరాలో రాదని ప్రూఫ్ (నమూనా ప్రింట్) చేతిలో పట్టుకుని ఒక్కసారి వివరిస్తే, ఇక జన్మలో మర్చిపోరు.

ఇంకో లాభం, ప్రకటనలకు మాటలు రాసే కాపీ రైటర్ పక్క కుర్చీలోనే ఉంటారు. 1949లో అమెరికాలో మొదలైన డీడీబీ అనే ప్రకటనల ఏజెన్సీలో, దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన బిల్ బెర్న్‌బాక్ రాసేవాళ్లనీ బొమ్మ వేసేవాళ్లనీ జంటగా కూర్చోబెట్టి పనిచేయించారు. చిన్న ఆఫీసులో ఎవరూ పూనుకోకుండానే అలా జరిగిపోతుంది. హెడ్‌లైన్ పొడవైతే అప్పటికప్పుడే అడిగి తగ్గించుకుంటారు.

ఇక నష్టాలు. అక్కడ అందరి కళ్లూ ఓనర్ అభిరుచికే అలవాటుపడి ఉంటాయి, మీ డిజైన్లు కూడా ఒకే మూసలో పడే ప్రమాదం ఉంది. మనుషులు తక్కువ కాబట్టి ఒకరు సెలవు పెడితే ఆ పని మీ నెత్తిన పడుతుంది. ‘చిన్న మార్పు’ అంటూ రాత్రి పూట వచ్చే మెసేజ్‌లను ఆపేవాళ్లు ఉండరు. జీతం పెంచాలంటే పైన ఖాళీలు కూడా తక్కువే. అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది, రోజూ సోషల్ మీడియా పోస్టులు వేయిస్తూ రెండేళ్లు గడిపించేయడం. అలాంటి పనితో పోర్ట్‌ఫోలియో పెరగదు.

నాన్నగారి భయం నిజమైనదే, కొట్టిపారేయకండి. కాకపోతే భయపడాల్సింది ఎంతమంది ఉన్నారన్నదాని గురించి కాదు, డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందన్నదాని గురించి. ఆదాయంలో సగం ఒకే క్లయింట్ నుంచి వస్తుంటే, ఆ క్లయింట్ వెళ్లిపోయిన నెలే మీ ఉద్యోగానికి ఎసరు. నెలనెలా ఫీజు ఇచ్చే రిటైనర్ క్లయింట్లు ముగ్గురు నలుగురుంటే కాస్త నిశ్చింత. అన్నీ ప్రాజెక్టులే అయితే, బిల్లు డబ్బు రెండు మూడు నెలలకు చేతికొస్తుంది, జీతాలు మాత్రం నెలాఖరుకల్లా ఇవ్వాలి. జీతాలు ఆలస్యమయ్యేది ఇక్కడే.

అందుకే సంతకం పెట్టేముందు మర్యాదగానే అడగండి: నా పని ఎవరు చూస్తారు? రిటైనర్లు ఎన్ని? నేను చేసిన డిజైన్ విడుదలయ్యాక నా పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవచ్చా? చివరిదానికి జవాబు ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి. గోప్యత ఒప్పందం పేరుతో కొన్నిచోట్ల ఏదీ చూపించనివ్వరు. వీలైతే ఇప్పుడు అక్కడ పనిచేస్తున్న డిజైనర్‌తో పది నిమిషాలు మాట్లాడి, గత ఆరు నెలల్లో జీతం ఏ తేదీకి పడిందో కనుక్కోండి. ఆ తేదీలు నాన్నగారికి కూడా చెప్పండి.

పెద్ద ఏజెన్సీకి ఈరోజే ఒక మెయిల్ పెట్టండి, చేతిలో ఆఫర్ ఉందనీ, ఫలానా తేదీలోగా జవాబివ్వాలనీ. అలా అడిగితే ఎవరూ తప్పుపట్టరు.