పొయ్యి వయసు కాదు, పొగ వయసు కావాలి

ప్రశ్న: మా పెరటి వంటగదిలోని కట్టెల పొయ్యిని, పొగగొట్టాన్ని మా మామగారు 1998లో దగ్గరుండి కట్టించారు. ఆయన పోయాక ఆ పొయ్యి వెలుగుతుంటే ఆయనే ఇంట్లో తిరుగుతున్నట్టు ఉంటుంది. ఆరేసిన బట్టల మీద మసి పడుతోందని 2003లో పక్కింటావిడ మా అత్తగారిని నానా మాటలూ అని, పురపాలక కార్యాలయంలో ఫిర్యాదు కూడా ఇచ్చింది. ఆ అవమానం అత్తగారు చివరిదాకా మరిచిపోలేదు. ఇప్పుడు వాళ్ళబ్బాయి మేడ కట్టి, పొగ కిటికీల్లోకి వస్తోందని, పదిహేను రోజుల్లో పొయ్యి తీసేయాలని లాయరు నోటీసు పంపాడు. అది వచ్చి నెల దాటింది, భయంతో జవాబివ్వలేదు. మేము ఎవరి అనుమతీ అడగలేదు. అయితే, చనిపోయిన వాళ్ళ నాన్నగారు అప్పట్లో అనుమతి ఇచ్చినట్టు పాత తేదీతో స్టాంపు కాగితం రాయిస్తే సరిపోతుందని మా బంధువు ఒకరు అంటున్నారు. మూడేళ్ళ క్రితం పొయ్యికి రెండో నోరు పెట్టించాము. పొయ్యి కాపాడుకోవడం ఎలా?

జవాబు: మీ మామగారి జ్ఞాపకాలు కోర్టుకు అక్కరలేదు. 1998 అన్న ఏడాది కూడా మీరు అనుకున్నంతగా పనికిరాదు. పొగ పక్కవారి స్థలంలోకి, వారికి ఇబ్బంది కలిగేంతగా, ఎప్పటి నుంచి వెళుతోంది? మీ కేసు తేలేది ఈ ఒక్క మాట మీదే.

భారత ఈజ్‌మెంట్ల (పక్కవారి స్థలం మీద మనకుండే వాడుక హక్కుల) చట్టం, 1882లోని 7వ సెక్షన్ ప్రకారం తన స్థలంలోకి వచ్చే గాలిని ఇతరులు అసమంజసంగా పాడుచేయకుండా చూసుకునే హక్కు ప్రతి యజమానికీ ఉంది. అయినా బహిరంగంగా, అడ్డంకి లేకుండా, ఎవరి దయా కాకుండా హక్కుగా 20 ఏళ్ళు పొగ వదిలితే 15వ సెక్షన్ కింద మీరు ఈజ్‌మెంట్ హక్కు కోరవచ్చు. అవతలి లాయరు వెంటనే 1879 నాటి ఇంగ్లండు తీర్పు, స్టర్జెస్ వర్సెస్ బ్రిడ్జ్‌మన్, బల్ల మీద పెడతారు. ఒక మిఠాయి వ్యాపారి రోళ్ళ చప్పుడు ఇరవై ఏళ్ళకు పైగా సాగుతోంది. పక్కనున్న వైద్యుడు దొడ్డి చివర కొత్త గది కట్టుకున్నాకే అది ఇబ్బంది అయింది. కాబట్టి 20 ఏళ్ళ లెక్క అక్కడి నుంచే మొదలని కోర్టు అంది. మీ పొగ కూడా మేడ కట్టాకే వాళ్ళకు తగిలిందని తేలితే మీ 20 ఏళ్ళూ గాలికి పోతాయి.

అందుకే మీరు అవమానంగా తలుచుకుంటున్న ఆ మసి గొడవే మీకున్న అత్యంత విలువైన సాక్ష్యం. 2003 నాటికే పొగ వాళ్ళ పెరట్లోకి వెళుతోందని, వాళ్ళకు తెలుసని, మీరు అనుమతి అడగలేదని అదే చెబుతుంది. తిట్లు అడ్డంకి కిందికి రావు. ఎదుటివారి చర్య వల్ల పొగ నిజంగా ఆగిపోయి, అది తెలిసీ మీరు ఏడాది పాటు ఊరుకుంటేనే చట్టం దృష్టిలో అడ్డంకి. పురపాలక కార్యాలయంలో ఇచ్చిన ఆ ఫిర్యాదు నకలు కోసం సమాచార హక్కు చట్టం కింద ఈ వారమే దరఖాస్తు పెట్టండి. పాత ఫైళ్ళు ఎల్లకాలం ఉండవు. ఆ రోజుల్లో వీధిలో ఉన్నవారు ఇద్దరు సాక్ష్యానికి వస్తే ఇంకా మంచిది.

ఇక మీ బంధువు సలహా. చనిపోయిన మనిషి సంతకం పెట్టించడం ఫోర్జరీ. భారతీయ న్యాయ సంహిత 336వ సెక్షన్ రాసినవారికి, 340వ సెక్షన్ దాన్ని కోర్టులో వాడినవారికి, అంటే మీకు, చుట్టుకుంటాయి. స్టాంపు కాగితం వెనుక అమ్మినవారి ముద్ర, తేదీ, కొన్నవారి పేరు ఉంటాయి, పాత తేదీ నాటకం అక్కడే దొరికిపోతుంది. తమాషా ఏమిటంటే, ఆ కాగితం నిజమైనదే అయినా మిమ్మల్ని ముంచేది. అనుమతి తీసుకుని చేసిన పని హక్కుగా చేసినట్టు కాదు, 20 ఏళ్ళ వాదన అక్కడితో సరి. ఆ బంధువును దగ్గరికి రానివ్వకండి.

రెండో నోరు ఎవరినడిగి పెట్టించారు? గాలిని కలుషితం చేసే హక్కు ఆ 20 ఏళ్ళ కాలం మొదలైనప్పుడు ఎంత పొగ ఉందో అంతవరకేనని 28వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. ఫొటో తీసి, ఇటుకలతో మూయించండి. పొగగొట్టం చివరిసారి ఎప్పుడు దులిపించారో ఉత్తరంలో లేదంటే సంగతి అర్థమవుతూనే ఉంది. లోపల పేరుకునే తారులాంటి నల్లటి పొర అంటుకుంటే మీ ఇల్లే కాలుతుంది. ఏడాదికి ఒకసారైనా దులిపించాలి. రెండు కట్టెలు ఒకదానితో ఒకటి కొట్టి చూడండి. ఎండినవి ఠంగుమంటాయి, చివర్లు నెర్రెలు విచ్చి ఉంటాయి. పచ్చివి దబ్బుమంటాయి, పొయ్యిలో పెడితే చివర నురుగు కక్కుతాయి. పొగ ఎక్కువయ్యేది ఆ తడి వల్లే. చీల్చి, పైన కప్పు ఉండి పక్కలు గాలాడే చోట ఏడాది ఎండబెట్టినవే వాడండి. స్థలం చూసి నివేదిక ఇవ్వమని కోర్టు ఒక లాయరును (అడ్వొకేట్ కమిషనరును) పంపితే ఆయన చూసేది ఈ పొగనే.

అలాగని భయపడి పొయ్యి పూర్తిగా ఆర్పేయకండి. ఆ 20 ఏళ్ళు దావా వేయడానికి ముందు రెండేళ్ళ లోపల ముగిసినవై ఉండాలి. పొయ్యి ఆర్పేశాక వాళ్ళు రెండేళ్ళు ఆగి దావా వేస్తే మీ చేతిలో ఏమీ మిగలదు. వాళ్ళు ఇన్నాళ్ళూ ఊరుకున్నారు కాబట్టి గడువు దాటిందన్న వాదన కూడా పెట్టుకోకండి. పొగ సాగినంత కాలం, దావాల గడువు చెప్పే లిమిటేషన్ చట్టం 22వ సెక్షన్ కింద వాళ్ళకు రోజూ కొత్త గడువే.

నెల రోజులు నోటీసును బీరువాలో దాచడం శుద్ధ నిర్లక్ష్యం. మీ మౌనాన్ని వాళ్ళు ఒప్పుకోలుగా చూపిస్తారు. ఈ వారంలోనే లాయరు ద్వారా జవాబివ్వండి. పొగ 2003కు ముందు నుంచీ వెళుతోందని, రెండో నోరు మూశామని అందులో ఉండాలి. ‘మీ నాన్నగారి మంచితనం వల్ల’ వంటి మర్యాద మాటలు ఒక్కటి కూడా ఉండకూడదు. మీ మాట వినకుండా ఇంజంక్షన్ (పొయ్యి ఆపమనే కోర్టు ఉత్తర్వు) రాకుండా సివిల్ కోర్టులో కేవియట్, అంటే ముందు మా మాట వినండన్న అర్జీ, వేయండి. అది 90 రోజులే పనిచేస్తుంది, తేదీ రాసిపెట్టుకోండి. నోటీసు వచ్చిన కవరు పారేయలేదు కదా? దాని మీది తపాలా ముద్ర కావాలి.