అమెజాన్ యోధురాళ్లు నిజంగా ఉన్నారా?

గ్రీకు పురాణాల్లోని అమెజాన్ స్త్రీలు నిజమా, కట్టుకథా అని అడిగారు. మగవాళ్లే లేని ఆడవాళ్ల రాజ్యం అన్నది కట్టుకథే. గుర్రమెక్కి విల్లు పట్టి పోరాడిన ఆడవాళ్లు మాత్రం నిజంగా ఉన్నారు.

నేను లండన్‌లో ఉంటాను. ఇక్కడి బ్రిటిష్ మ్యూజియంలో ఎక్సీకియాస్ అనే కళాకారుడు క్రీ.పూ. 530 ప్రాంతంలో బొమ్మ గీసిన జాడీ ఒకటుంది. అందులో ట్రాయ్ యుద్ధంలో గ్రీకు వీరుడు అకిలిస్ అమెజాన్ రాణి పెంథెసిలియాను ఈటెతో పొడుస్తుంటాడు. అతని ముఖాన్ని శిరస్త్రాణం కప్పేసింది, కన్ను ఒక్కటే కనిపిస్తుంది. ఆమె ముఖం మాత్రం పూర్తిగా కనబడుతుంది. వెళ్లిన ప్రతిసారీ నేను దాని ముందు చాలాసేపు నిలబడిపోతాను. వేరే జాడీల మీద అమెజాన్లకు గళ్లూ చారలూ ఉన్న ప్యాంట్లు, విల్లంబులు ఉంటాయి. గ్రీకులు ప్యాంట్లు వేసుకునేవాళ్లు కాదు. అది నల్ల సముద్రానికి ఉత్తరాన గడ్డిమైదానాల్లో తిరిగిన సిథియన్ల వేషం. విల్లు లాగడానికి వీలుగా ఒక రొమ్ము కోసుకునేవారన్న మాట నమ్మకండి, గ్రీకుల బొమ్మల్లోనే అలా ఉండదు.

అసలు ఆధారాలు సమాధుల్లో దొరికాయి. చాలాకాలం ఆయుధాలు కనిపిస్తే చాలు, అది మగవాడి సమాధి అని రాసేసేవారు. సైబీరియాలోని తువాలో 1988లో తవ్విన సుమారు 2600 ఏళ్ల నాటి సమాధి కథ అదే. విల్లు, బాణాలు, గొడ్డలితో ఉన్న పదమూడేళ్ల లోపు పిల్లను అబ్బాయి అనుకున్నారు. 2020లో డీఎన్ఏ పరీక్ష ఫలితం వచ్చాక అమ్మాయి అని తేలింది. ముప్పై ఏళ్లకు పైగా ఆ పిల్లను అబ్బాయిగానే లెక్కేశారంటే నాకు చాలా బాధేస్తుంది.

రష్యాలోని వొరోనెజ్ ప్రాంతంలో, దెవిత్సా అనే ఊరి దగ్గర, క్రీ.పూ. 4వ శతాబ్దపు సమాధిలో నలుగురు సిథియన్ స్త్రీలు బయటపడ్డారు. ఈ సంగతి 2019లో ప్రకటించారు. చిన్నదానికి పన్నెండు పదమూడేళ్లు, పెద్దామెకు నలభై అయిదు పైనే. బాణపు మొనలు, ఈటెలు, గుర్రపు సామగ్రి కూడా దొరికాయి. పెద్దామె తలమీద బంగారు అలంకరణ ఉంది.

ఇలాంటి స్త్రీల సమాధులు మగవాళ్ల సమాధుల పక్కనే, అవే శ్మశానాల్లో ఉంటాయి. అంటే వాళ్లు మగవాళ్లతో కలిసే బతికారు. ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ కూడా, సిథియన్ల పొరుగు జాతి అయిన సౌరోమాటియన్ల స్త్రీలు భర్తలతో కలిసి వేటకీ యుద్ధానికీ వెళ్లేవారనీ, ఒక శత్రువునైనా చంపందే అమ్మాయికి పెళ్లి కాదనీ రాశాడు. వీలైతే ఆయన రాసిన ‘హిస్టరీస్’ నాలుగో భాగంలో 110 నుంచి 117 వరకు పేరాలు చదవండి, పది నిమిషాల పని.