సీజన్ చివరి ఎపిసోడ్ కథను సగంలో ఆపేస్తే, రివ్యూలో దాన్ని లోపంగా చూడాలా?

అక్కర్లేదు, కథ ముగిసిందా అని కాదు, పాత్రల అసలు సమస్య ఒక నిర్ణయం దాకా వచ్చిందా అని చూడాలి. ఇలాంటి ఎపిసోడ్‌కి రెండు బాధ్యతలుంటాయి. ప్రేక్షకులను వచ్చే సీజన్ దాకా పట్టి ఉంచడం ఒకటి, ఇప్పటిదాకా చూసినదానికి ఫలితం చూపించడం రెండోది. మొదటిదానికి టెన్షన్ చాలు. రెండోది లేనప్పుడే మోసపోయినట్టు అనిపిస్తుంది.

ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌక సిబ్బంది కథ చెప్పే అమెరికన్ సీరియల్ ‘స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్’ మూడో సీజన్ ముగింపు (1990 జూన్) చూడండి. సొంత నౌకకు కెప్టెన్‌గా వెళ్లే అవకాశం వచ్చినా, కెప్టెన్ పికార్డ్ తర్వాతి స్థానంలో ఉన్న రైకర్ ఎంటర్‌ప్రైజ్‌ను వదల్లేకపోతుంటాడు. తనలో మునుపటి తెగువ పోయిందా అని మథనపడతాడు. చివర్లో, పట్టుకున్నవాళ్లను సగం యంత్రాలుగా మార్చేసే శత్రువులైన బోర్గ్‌లు పికార్డ్‌ను తమలో ఒకడిగా మార్చేస్తారు. పాలిపోయిన ముఖం, దాని మీద యంత్రభాగాలు, లొంగిపొమ్మనే ఆ చల్లని గొంతు! తన కెప్టెన్ ఉన్న బోర్గ్‌ల నౌక మీదే కాల్చమని రైకర్ ఆదేశిస్తాడు. అక్కడే ఆగిపోతుంది. పికార్డ్ గతేమిటో తెలియదు, కానీ రైకర్ ప్రశ్నకు జవాబు దొరికేసింది. నా దృష్టిలో అది నిండైన ముగింపే.

రచయితల దగ్గర తర్వాతి కథ ముందే సిద్ధంగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఈ ఎపిసోడ్ రాసిన మైఖేల్ పిల్లర్‌కే పికార్డ్‌ను ఎలా కాపాడాలో అప్పటికి తెలియదు. అందుకే సెప్టెంబరులో వచ్చిన రెండో భాగం మంచిచెడ్డలను మొదటిదాని ఖాతాలో వేయకూడదు.