చదువుకున్నవాళ్లు కూడా ‘డిజిటల్ అరెస్టు’కు ఎందుకు లొంగిపోతున్నారు?

మీ నాన్నగారు ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యారనీ, రోజూ పేపరు చదువుతారనీ, అయినా సీబీఐ పేరుతో వీడియో కాల్ వస్తే వణికిపోయారనీ రాశారు. చదువుకున్నవాళ్లు కూడా ఎందుకు ఇలా లొంగిపోతున్నారు, ఫోనులో ఏ యాప్ పెడితే ఇది ఆగుతుంది అని అడిగారు. ‘డిజిటల్ అరెస్టు’ అంటే పోలీసులమనో సీబీఐ అనో చెప్పి, వీడియో కాల్‌లోనే అరెస్టు చేశామని భయపెట్టి డబ్బు గుంజే మోసం. యాప్ సంగతి ముందే చెప్పేస్తాను. ఏ యాప్ పెట్టినా ఇది ఆగదు. ఈ మోసంలో సాధారణంగా ఎవరూ ఫోనును హ్యాక్ చేయరు, ఓటీపీ అడగరు, పాస్‌వర్డు దొంగిలించరు. బాధితుడే చొక్కా వేసుకుని, ఆటో ఎక్కి బ్యాంకుకు వెళ్లి, తన ఫిక్స్‌డ్ డిపాజిట్ తానే రద్దు చేయించి, సొంత చేత్తో సంతకం పెట్టి డబ్బు పంపిస్తాడు. అలాంటప్పుడు ఫోనులో ఎంత కట్టుదిట్టం చేసినా ప్రయోజనం ఏముంటుంది?

నేను విశాఖపట్నంలో గాజువాక వైపు ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. అందువల్ల నా అభిప్రాయంలో నా వృత్తి అభిమానం కొంత ఉండవచ్చు, అయినా గట్టిగానే చెబుతాను. మన చదువుల్లో చట్టం లేకపోవడమే దీనికి అసలు కారణం. అరెస్టు అంటే ఏమిటి, అది ఎవరు చేయాలి, ఎలా చేయాలి, చేశాక ఏం జరగాలి అన్నది ఇంజినీరింగు చదివినా, ఎం.ఏ. చదివినా మనకు ఎవరూ చెప్పలేదు. బడి చెప్పకుండా వదిలేసిన ఆ ఖాళీని సినిమా నింపింది. ఖాకీ చొక్కా అంటే భయపడాలనీ, జడ్జిగారు బల్ల మీద సుత్తితో కొట్టి ‘ఆర్డర్ ఆర్డర్’ అంటారనీ మనకు నేర్పింది తెరే. మోసగాళ్లు మనకు తెలిసిన ఆ సినిమానే మనకు తిరిగి చూపిస్తున్నారు. ఇది మా ఇంట్లో జరిగినప్పుడు నా కళ్లతో చూశాను కనుక ఇంత నమ్మకంగా రాయగలుగుతున్నాను.

మా పెద్దమావయ్య స్టీల్ ప్లాంటులో ‘గోదావరి’ బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర పనిచేసి రిటైరై, కూర్మన్నపాలెంలో ఇల్లు కట్టుకున్నారు. పిల్లలిద్దరూ వేరే దేశాల్లో ఉన్నారు. దాదాపు 1500 డిగ్రీల వేడితో కరిగిన ఇనుము కాలువ కట్టి పారుతుంటే పక్కన నిలబడి ఉద్యోగం చేసిన మనిషి ఆయన. యూనియన్ గొడవల్లో పెద్ద అధికారులతో ఎదురుగా కూర్చుని వాదించిన మనిషి కూడా. అంత ధైర్యస్థుడిని ఇద్దరు అపరిచితులు ఒక ఫోను తెరలోంచి కదలకుండా కూర్చోబెట్టారు.

నాకు కబురు చెప్పింది అత్తయ్య. “మీ మావయ్య నిన్నటి నుంచీ గది తలుపేసుకుని కూర్చున్నారురా. స్నానానికి వెళ్లినా ఫోను పట్టుకుని వెళ్తున్నారు. ఏం జరిగిందని అడిగితే నోటి మీద వేలు పెట్టుకుంటున్నారు” అంది. బడి నుంచి నేరుగా వెళ్లి తలుపు తోసి చూశాను. మావయ్య ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని, మంచం మీద నిటారుగా కూర్చుని ఉన్నారు. ఎదురుగా పుస్తకాల దొంతరకు ఆనించిన ఫోనులో ఖాకీ దుస్తుల్లో ఒక మనిషి, అతని వెనక గోడ మీద మూడు సింహాల చిహ్నం కనిపించాయి. నేను నోరు తెరవబోతుంటే మావయ్య చెయ్యెత్తి ఆపి, ఆ తెరలోని మనిషిని హిందీలో బతిమాలుతున్నట్టు అడిగారు, బీపీ మాత్ర వేసుకోవడానికి రెండు నిమిషాలు అనుమతి ఇస్తారా అని.

ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన బాధను ఇప్పటికీ మాటల్లో పెట్టలేను. తన ఇంట్లో, తన మంచం మీద కూర్చుని, తన మాత్ర తాను మింగడానికి ఆయన పరాయివాడిని అనుమతి అడిగారు. నేను ముందుకు వెళ్లి ఫోను తీసుకుని కాల్ కట్ చేశాను. మావయ్య వణికిపోతూ, “ఎంత పని చేశావురా, ఇప్పుడు వారెంటు వేసేస్తారు, మీ అత్తయ్యను కూడా తీసుకుపోతారు” అన్నారు. ఆయనను ఊరుకోబెట్టడానికి చాలాసేపు పట్టింది. ఆ తరువాత ఒక్కొక్కటిగా చెప్పారు. ఆయన ఆధార్‌తో ముంబయి నుంచి పంపిన పార్సెల్‌లో మత్తుమందులు దొరికాయన్నారట. ఆ తరువాత అది మనీలాండరింగు కేసయిందట. ఖాతాల్లోని సొమ్ము ‘పరిశీలన’ కోసం ఒక ప్రభుత్వ ఖాతాకు పంపితే, మచ్చలేనిదని తేలాక తిరిగి వేస్తామన్నారట. అప్పటికే ఆయన ఆరు లక్షలు ఆర్‌టీజీఎస్ చేసి వచ్చారు. రెండో డిపాజిట్ మర్నాడు రద్దు చేయించాల్సి ఉంది.

ఇందులో నన్ను అన్నిటికన్నా కదిలించిన సంగతి ఒకటుంది. “మొదట్లో నాకూ అనుమానం వచ్చింది. కానీ జడ్జిగారిని చూశాక నమ్మేశాను” అన్నారు మావయ్య. వీడియోలో ఆయనకు కోర్టు విచారణ కూడా జరిపించారట. నల్లకోటు వేసుకున్న ఒకడు ఎత్తైన కుర్చీలో కూర్చుని, చెక్కసుత్తితో బల్ల మీద మూడుసార్లు కొట్టి, ఆంగ్లంలో ఉత్తర్వు చదివాడట. మావయ్య ఆ ఫోను ముందు లేచి నిలబడి చేతులు జోడించారు. ఆ ఇస్త్రీ చొక్కా ఆ విచారణ కోసం వేసుకున్నదే. మన దేశంలో ఏ కోర్టులోనూ న్యాయమూర్తులు సుత్తి వాడరు. జిల్లా కోర్టులో ఒక్క పూట కూర్చున్నా ఆ సంగతి తెలిసిపోతుంది. కానీ మావయ్య జన్మలో కోర్టు మెట్లు ఎక్కలేదు. ఎక్కాల్సి రాకపోవడం పరువు అనుకునే కుటుంబాలు మనవి. అందుకే ఆయన మనసులో ఉన్న కోర్టు పూర్తిగా సినిమా కోర్టే. ఎవడు సుత్తి కొడితే వాడే జడ్జి అయిపోయాడు. మన దర్శకులు ఇన్ని దశాబ్దాలుగా ఒక్కసారైనా నిజమైన మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్లి, అక్కడ కాగితాలు ఎలా కదులుతాయో చూసి తీసి ఉంటే ఎంత మేలు జరిగేదో అనిపిస్తుంది. కోట్లు పెట్టి సెట్లు వేస్తారు, సాంగ్‌కు విదేశాలు వెళ్తారు, కానీ అరెస్టు సన్నివేశం రాసేటప్పుడు ఒక న్యాయవాదిని పిలిచి అడగరు.

చట్టం ఏం చెబుతుందో మీ నాన్నగారికి ఈ రోజే చదివి వినిపించండి. ‘డిజిటల్ అరెస్టు’ అన్నది భారతదేశంలోని ఏ చట్టంలోనూ లేదు. పోలీసులు, కోర్టులు నేరాల విచారణలో పాటించాల్సిన పద్ధతిని చెప్పే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, అరెస్టు చేసే అధికారి తన పేరు స్పష్టంగా కనిపించేలా ధరించాలి. అరెస్టు మెమో రాసి, దాని మీద కుటుంబ సభ్యుడితో గానీ ఆ ప్రాంతపు పెద్దమనిషితో గానీ సాక్షి సంతకం చేయించాలి, అరెస్టయిన వ్యక్తి సంతకమూ తీసుకోవాలి. బంధువుకో స్నేహితుడికో కబురు చెప్పాలి. ఇవి గాల్లోంచి ఊడిపడిన నియమాలు కావు, 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల నుంచి వచ్చినవి. దానికీ ముందు నుంచే రాజ్యాంగం 22వ అధికరణ ఉంది. అరెస్టు కారణం చెప్పాలనీ, న్యాయవాదిని కలవనివ్వాలనీ, 24 గంటల లోపు మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలనీ అది చెబుతుంది. 60 ఏళ్లు దాటిన పురుషుడిని సాక్షిగా విచారించాలంటే పోలీసులే ఆయన నివాసానికి రావాలి, స్త్రీల విషయంలో వయసుతో పని లేకుండా అదే నియమం. హాజరు కమ్మనే నోటీసులను వాట్సాప్‌లో పంపకూడదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. వీటన్నిటి సారం ఒక్కటే, అరెస్టు నలుగురికీ తెలిసేలా జరగాలి. మోసగాడు మొట్టమొదట చెప్పే మాట “ఎవరికీ చెప్పకు” అన్నది. ఆ ఒక్క మాట దగ్గరే వాడు పోలీసు కాదని తేలిపోతుంది. చట్టం బంధువుకు చెప్పి తీరాలంటుంటే, వీడు చెప్పొద్దంటున్నాడు. ఈ తేడా మావయ్యకు తెలిసి ఉంటే మొదటి అయిదు నిమిషాల్లోనే ఫోను పెట్టేసేవారు.

ఆ సాయంత్రమే సైబర్ మోసాల ఫిర్యాదుల కోసం ఉన్న 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాం. సొమ్ము ఖాతా నుంచి ఖాతాకు గంటల్లో పాకిపోతుంది కనుక ఆ ఫోను ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. ముందు ఫోను, తరువాతే ఏడుపు. మా విషయంలో కొంత సొమ్ము మధ్యలో ఒక ఖాతాలో ఆగింది, మిగతాది వెళ్లిపోయింది. ఆగిన సొమ్ము చేతికి రావడానికి కోర్టు ఉత్తర్వు కావాలి, దాని కోసం ఇంకా తిరుగుతున్నాం. రిజర్వు బ్యాంకు 2017లో ఇచ్చిన రక్షణ ప్రధానంగా ఖాతాదారుడి ప్రమేయం లేని లావాదేవీలకే. ఇక్కడ ఖాతాదారుడే సంతకం పెట్టాడు కనుక అది మాకు అక్కరకు రాలేదు.

బ్యాంకు పేరు చెప్పను గానీ నా ఫిర్యాదు మాత్రం చెప్పుకోవాలి. అదే శాఖలో మావయ్య సంతకం కాస్త వంకరగా ఉందని పదివేలు ఇవ్వడానికి ఒకసారి నాలుగు కాగితాలు రాయించుకున్నారు. అలాంటిది, ఎన్నడూ డిపాజిట్ కదపని డెబ్బై ఏళ్ల మనిషి, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, చెమటలు కారుస్తూ వచ్చి, ఎప్పుడూ పేరు వినని ఖాతాకు ఆరు లక్షలు పంపమంటే ఎవరూ ‘ఎందుకండీ’ అని అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడిగి, పక్కన కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చి ఉంటే ఆ సొమ్ము పోయేది కాదు. పెద్దవాళ్లు డిపాజిట్ ముందుగా రద్దు చేసుకుని కొత్త ఖాతాకు పెద్దమొత్తం పంపేటప్పుడు ఇంట్లోవాళ్లలో ఒకరికి ఫోను చేసి చెప్పాలన్న నియమం పెట్టడానికి ఏ సాంకేతికత కావాలి?

మన విశాఖకు ఈ మోసంతో ఇంకో సంబంధం కూడా ఉంది, దాన్ని మరిచిపోకూడదు. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన కుర్రాళ్లను కంబోడియాకు తరలించి, అక్కడ కాపలా మధ్య కూర్చోబెట్టి, సాటి భారతీయులకే ఫోన్లు చేయించి మోసాలు చేయిస్తున్న వ్యవహారాన్ని 2024 మే నెలలో విశాఖ పోలీసులే బయటపెట్టి ఏజెంట్లను పట్టుకున్నారు. కొందరు కుర్రాళ్లు విమానాశ్రయంలో దిగి ఇళ్లకు చేరారు. తెలుగులో మాట్లాడి నమ్మించేవాళ్లు ఎక్కడి నుంచి వస్తున్నారని ఆశ్చర్యపోయేవారికి అందులో కొంత జవాబు ఉంది. ఒక వీధిలో తాతయ్య సొమ్ము పోగొట్టుకుంటుంటే, పక్క వీధి మనవడు ఎక్కడో పాస్‌పోర్టు గుంజుకున్నవాళ్ల చేతిలో చిక్కుకుని అలాంటి ఫోన్లే చేస్తూ ఉండవచ్చు. ఆ కుర్రాడికీ పని ఒప్పందం చదవడం, ఏజెంటుకు విదేశాంగ శాఖ లైసెన్సు ఉందో లేదో చూసుకోవడం ఎవరూ నేర్పలేదు. రెండు చోట్లా లోటు ఒకటే.

ఇక ప్రభుత్వం ఏమీ చేయడం లేదని నేను అనను. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో ఈ మోసం గురించి ప్రత్యేకంగా హెచ్చరించారు. ఎవరికి ఫోను చేసినా ముందు ఒక హెచ్చరిక వినిపించిన రోజులూ ఉన్నాయి. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు, తన పేరుతోనే నకిలీ ఉత్తర్వులు చూపించి అంబాలాలో వృద్ధ దంపతులను దోచుకున్నారని తెలిసి, తనంతట తానే విచారణ చేపట్టింది. అయితే ఫోను కలవడం కోసం ఎదురుచూస్తున్నవాడికి వినిపించే హెచ్చరిక ఎంత మేరకు ఎక్కుతుంది? వినీ వినీ విసుక్కోవడమే గానీ, అందులో 22వ అధికరణ ఏమిటో చెప్పరు కదా. ‘జాగ్రత్త’ అన్న మాట భయపడిన మనిషికి ఇంకొంచెం భయాన్నే ఇస్తుంది. తన హక్కేమిటో తెలిస్తేనే ధైర్యం వస్తుంది.

మా బడిలో ప్రాథమిక హక్కులు నాలుగు మార్కుల ప్రశ్నగా వస్తాయి, పిల్లలు ఆరు పేర్లూ కంఠస్థం చేసి రాసేస్తారు. దానితో నాకు తృప్తి లేదు. మావయ్య సంగతి జరిగాక, తొమ్మిదో తరగతి పిల్లలతో తరగతి గదిలోనే అరెస్టు మెమో రాయించడం మొదలుపెట్టాను. ఒకడు అధికారి, ఒకడు అరెస్టయినవాడు, ఒక అమ్మాయి సాక్షి. తేదీ, సమయం, స్థలం, కారణం, సంతకాలు, అన్నీ తెలుగులో రాయాలి. ఆ కాగితాన్ని ఇంట్లో అమ్మమ్మ, తాతయ్యల ముందు పెట్టి, “వీటిలో ఒక్కటి లేకపోయినా అది చట్టప్రకారం జరిగిన అరెస్టు కాదు” అని చదివి వినిపించి రమ్మంటాను. సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అంబేద్కర్ న్యాయ కళాశాల ఉంది. ఆ విద్యార్థులు నెలకొక ఆదివారం అపార్టుమెంట్ల సంఘాల దగ్గరికీ, రిటైరైన ఉద్యోగుల సంఘాల దగ్గరికీ వెళ్లి ఇదే పని చేస్తే ఎంత బాగుంటుంది! స్టీల్ ప్లాంటు, పోర్టు, షిప్‌యార్డు, డాక్‌యార్డు, రిఫైనరీ ఉన్న ఊరు మనది. రిటైరైనప్పుడు పెద్దమొత్తం చేతికి వచ్చి, పిల్లలు దూరంగా ఉండి, ఫోనే తోడుగా బతుకుతున్న పెద్దలు ఇక్కడ వీధికి పదిమంది ఉంటారు.

మీ నాన్నగారి విషయానికి వస్తే, ఆయన వణికినందుకు మందలించకండి. ఎదురుగా కూర్చుని, పైన రాసిన నియమాలను ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి, కింద 1930, ఉచిత న్యాయసాయం కోసం 15100, మీ ఫోను నంబరు వేసి, ఆయన కూర్చునే చోట గోడకు అంటించండి. మళ్లీ అలాంటి ఫోను వస్తే ఆయన చెప్పాల్సింది కూడా అందులోనే రాయండి: “మీ స్టేషన్ పేరు చెప్పండి, మా అబ్బాయినీ వకీలునూ వెంటబెట్టుకుని నేనే వచ్చి మాట్లాడతాను.” అలా అని కాల్ కట్ చేసి, వెంటనే మీకు ఫోను చేయమనండి.