కాళ్ల వాపు దగ్గర మొదలుపెట్టు

నర్సింగ్ విద్యార్థుల ఉత్తరాలకు తిరుపతి నుంచి ఒక రిటైర్డ్ నర్సింగ్ ట్యూటర్ జవాబులు

ప్రశ్న: మేడమ్, మాది పలమనేరు దగ్గర పల్లె. నాన్న టమాటా రైతు. నేను తిరుపతిలో బీఎస్సీ నర్సింగ్ మూడో సెమిస్టర్. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. అనాటమీ, ఫిజియాలజీ ఎలాగో గట్టెక్కాను. ఇప్పుడు పాథాలజీ, అడల్ట్ హెల్త్ నర్సింగ్‌తో కలిపి వచ్చే పాథోఫిజియాలజీ (జబ్బు వస్తే ఒంట్లో ఏం మారుతుందో చెప్పే పాఠం) మాత్రం నిలవడం లేదు. పేజీలకు పేజీలు బట్టీ పడతాను, వారం తిరిగేసరికి అంతా పోతుంది. మొన్న వార్డులో మా మేడమ్ ఒక పేషెంట్ కాళ్లు చూపించి "ఈ ఎడిమా (వాపు) ఎందుకొచ్చింది?" అని అడిగితే నాకు నోట మాట రాలేదు. ఇంటర్నల్స్ అంటేనే టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా చదవాలి?
– ఒక విద్యార్థిని, పలమనేరు

జవాబు: మీ మేడమ్ అడిగిన ప్రశ్న దగ్గరే మొదలుపెట్టు తల్లీ. అంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

పుస్తకంలో ప్రతి జబ్బుకూ నిర్వచనం, కారణాలు, రకాలు, లక్షణాలు, చికిత్స అని ఒక వరస ఉంటుంది. జవాబు రాసేటప్పుడు ఆ వరస పనికొస్తుంది. చదివేటప్పుడు కూడా దాన్నే పట్టుకుంటే ఏదీ దేనితోనూ అతకదు. వార్డులో పేషెంట్ జబ్బు పేరు చెప్పడు కదా. "కాళ్లు ఊదినాయమ్మా" అంటాడు. నువ్వు ఆ కాళ్ల దగ్గర నుంచి వెనక్కి నడవాలి.

నడిచి చూద్దాం. క్యాపిలరీలు అనే సన్న రక్తనాళాల్లో రెండు శక్తులు ఎదురెదురుగా పనిచేస్తాయి. రక్తం ఒత్తిడి నీటిని బయటికి నెడుతుంది. రక్తంలోని ప్రోటీన్లు, ముఖ్యంగా ఆల్బుమిన్, నీటిని లోపలికి లాగుతాయి. క్యాపిలరీ మొదట్లో నెట్టే ఒత్తిడి సుమారు 35 మి.మీ. (పాదరసం కొలతలో), చివర్లో సుమారు 15. లాగే శక్తి దాదాపు 25 దగ్గరే ఉంటుంది. అందుకే మొదట్లో నీరు బయటికి పోతుంది, చివర్లో చాలావరకు వెనక్కి వస్తుంది. మిగిలిన కాస్తా లింఫ్ నాళాలు తీసుకెళ్లి మళ్లీ రక్తంలో కలుపుతాయి. ఈ వాక్యాలన్నీ ఫిజియాలజీ. మొదటి ఏడాదిలో చదివేశావు. వీటిలో ఏది చెడినా వాపే. చెడేవి నాలుగే: నెట్టే ఒత్తిడి పెరగడం, లాగే ప్రోటీన్ తగ్గడం, నాళం గోడ జల్లెడైపోవడం, లింఫ్ దారి మూసుకుపోవడం.

మీ పొలంలో డ్రిప్ ఉంటే నీకిది ఇంకా తేలిక. పైపు చివర వాల్వ్ మూసేస్తే లోపల ప్రెషర్ పెరిగి ప్రతి జాయింట్ దగ్గరా నీళ్లు కారతాయి. గుండె కుడివైపు బలహీనపడితే సిరల్లో రక్తం ముందుకు పోలేక నిలుస్తుంది, క్యాపిలరీల్లో ఒత్తిడి అలాగే పెరుగుతుంది. భూమి నీటిని కిందికి లాగుతుంది కాబట్టి నడిచే మనిషికి వాపు పాదాల్లో, సాయంత్రానికి ఎక్కువగా కనిపిస్తుంది. మంచం దిగని పేషెంట్‌కు నడుము కింద వెతకాలి. కాళ్లు మాత్రమే చూసి "వాపు లేదు" అని చార్టులో రాసేవాళ్లను చాలామందిని చూశాను. నువ్వు అలా రాయకు.

ఇంకో పేషెంట్ పొద్దున లేచేసరికి కళ్ల చుట్టూ ఉబ్బి ఉన్నాడు. మూత్రం నురగ కడుతోంది. ఇక్కడ గుండె బాగానే ఉంది. కిడ్నీ వడపోత దెబ్బతిని ఆల్బుమిన్ మూత్రంలో పోతోంది, రక్తంలో లాగే శక్తి తగ్గింది. కళ్ల చుట్టూ కణజాలం వదులుగా ఉంటుంది కాబట్టి నీరు ముందు అక్కడ చేరుతుంది. మూడో మనిషికి కడుపు కుండలా ఉంది, కాళ్లు కూడా ఊదాయి. ఆల్బుమిన్ తయారయ్యేదే లివర్‌లో. లివర్ గట్టిపడిపోయే సిరోసిస్‌లో ఆ తయారీ తగ్గుతుంది, పైగా పేగుల నుంచి లివర్‌కు రక్తం తెచ్చే పోర్టల్ సిరలో ఒత్తిడి పెరుగుతుంది. అంటే నాలుగింట్లో రెండు ఒకేసారి చెడ్డాయి. నాలుగో మనిషికి ఒక్క కాలే ఎర్రగా, వేడిగా వాచింది. ఇన్‌ఫ్లమేషన్‌లో నాళం గోడ సందులు తెరుచుకుని ప్రోటీన్‌తో సహా నీరు బయటికి వచ్చింది. ఒక్క కాలే వాచిందంటే లోపలి సిరలో రక్తం గడ్డ ఉందేమో కూడా అనుమానించాలి, ఆ కాలిని మసాజ్ చేయకూడదు. బోదకాలులో లింఫ్ దారి మూసుకుపోతుంది. అది ముదిరాక వేలితో నొక్కినా గుంట పడదు.

చూశావా, నాలుగు కారణాలు పట్టుకుంటే గుండె, కిడ్నీ, లివర్, ఇన్‌ఫెక్షన్, ఫైలేరియా అన్నీ ఒక్క కాగితం మీదికి వచ్చేశాయి. వీటిని ఐదు చాప్టర్లుగా బట్టీ పడితే ఐదూ పోతాయి.

ఇంకో మెట్టు ఉంది. గుండె జబ్బులో రక్తం సరిగా అందక కిడ్నీ ఏమనుకుంటుంది? ఒంట్లో రక్తమే తగ్గిపోయిందనుకుంటుంది. రెనిన్ వదులుతుంది, దాని వెంట యాంజియోటెన్సిన్, ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్లు వస్తాయి, ఉప్పూ నీరూ పట్టి ఉంచుతాయి. ప్రాణం కాపాడటానికి శరీరం చేసే పనే వాపును పెంచుతోంది. ఇది అర్థమైన రోజు నర్సింగ్ పని కూడా అర్థమవుతుంది. ఊరగాయ, అప్పడం ఎందుకు వద్దంటున్నామో పేషెంట్ కూతురికి నువ్వే చెప్పగలవు. రోజూ బరువు ఎందుకు చూడాలో తెలుస్తుంది. ఒంట్లో ఒక లీటరు నీరు నిలిస్తే దాదాపు ఒక కిలో పెరుగుతుంది. వాపు కంటికి కనిపించేలోపే తూకం చెప్పేస్తుంది. అందుకే రోజూ ఒకే సమయానికి, ఒకేలాంటి బట్టలతో, టిఫిన్‌కు ముందు బరువు చూడమంటాం.

చదివే పద్ధతి కూడా అడిగావు. ముందు ఆ అవయవం మామూలుగా ఎలా పనిచేస్తుందో ఫస్టియర్ పుస్తకం తీసి చదువు. తర్వాత పుస్తకం మూసి తెల్ల కాగితం మీద బాణాలతో గొలుసు గీయి: ఏది చెడింది, దానివల్ల లోపల ఏం మారింది, పైకి ఏం కనిపిస్తుంది, ల్యాబ్ రిపోర్టులో ఏం తేలుతుంది, నేనేం గమనించాలి. ఎక్కడ బాణం ఆగిపోతే అక్కడి వరకే పుస్తకం తెరువు. చదివిందే మళ్లీ చదవడం కంటే, చూడకుండా గుర్తు తెచ్చుకోవడానికి తంటాలు పడటమే ఎక్కువ నిలుస్తుంది. రెండు మూడు రోజుల తర్వాత అదే గొలుసు మళ్లీ గీయి.

తెలుగు మీడియం గురించి బెంగ వద్దు. గొలుసు తెలుగులోనే ఆలోచించు, హాస్టల్ రూమ్మేట్‌కు తెలుగులోనే చెప్పు. ఇంగ్లిష్ మాటలు ఒక్కో బాణం మీద పేరులా రాసుకో. పరీక్షలో ఆ పేర్లు కలుపుతూ చిన్న వాక్యాలు రాస్తే చాలు. కాకపోతే పేర్ల స్పెల్లింగ్ మాత్రం తప్పు పోకూడదు. హైపో (తక్కువ), హైపర్ (ఎక్కువ) తారుమారైతే పరీక్షలో మార్కే పోతుంది, వార్డులో మనిషికే ప్రమాదం.

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను చిత్తూరులో జీఎన్ఎం రెండో సంవత్సరం. మా వార్డులో షుగర్ 480తో 19 ఏళ్ల అబ్బాయి వచ్చాడు. వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస. డీకేఏ (డయాబెటిక్ కీటోఅసిడోసిస్) అన్నారు. షుగర్ అంత ఉంటే ఇన్సులిన్ కంటే ముందు సెలైన్ ఎందుకు పెట్టారు? పొటాషియం రిపోర్ట్ నార్మలే, అయినా తర్వాత పొటాషియం ఎందుకు ఎక్కించారు? అడగడానికి భయపడ్డాను.
– ఒక విద్యార్థి

జవాబు: రెండూ చాలా మంచి ప్రశ్నలు నాయనా. భయపడకుండా అక్కడే అడుగు. డ్యూటీ డాక్టర్ తీరిక లేక చెప్పకపోతే మీ ట్యూటర్‌ను అడుగు.

ఇన్సులిన్ లేకపోతే రక్తంలో చక్కెర ఉన్నా కణాల్లోకి సరిగా పోదు. సుమారు 180 దాటితే కిడ్నీ దాన్ని పట్టి ఉంచలేక మూత్రంలో వదిలేస్తుంది. చక్కెర ఒంటరిగా పోదు, నీటినీ లవణాలనూ వెంట తీసుకుపోతుంది. పెద్దవాళ్లకు డీకేఏలో ఒంట్లోంచి పోయే నీరు ఆరు లీటర్ల దాకా ఉండొచ్చు. నాలుక ఎండిపోవడం, నాడి వేగం, బీపీ పడిపోవడం అన్నీ దీనివల్లే. అందుకే మొదటి మందు సెలైన్. దానితోనే షుగర్ కూడా కొంత దిగుతుంది.

ఇంకోవైపు, కణాలకు చక్కెర అందక కొవ్వు కరిగి కీటోన్లు పుడతాయి. అవి ఆమ్లాలు. రక్తంలో ఆమ్లం పెరిగితే శరీరం కార్బన్ డయాక్సైడ్‌ను ఊపిరితో బయటికి తోసి సరిచేసుకోవాలని చూస్తుంది. మీ వార్డులోని అబ్బాయి తీసుకున్న లోతైన, వేగమైన ఊపిరి అదే. జర్మన్ డాక్టర్ కుస్‌మౌల్ 1874లో దీన్ని వర్ణించాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తాం. ఊపిరితిత్తులు బాగానే ఉంటే ఆక్సిజన్ శాచురేషన్ మామూలుగానే ఉంటుంది. ఆయాసం ఎక్కువ, శాచురేషన్ మాత్రం బాగుంది అంటే ఆమ్లం గురించి ఆలోచించాలి.

పొటాషియం సంగతి అసలు కిటుకు. అది ఎక్కువగా ఉండేది కణాల లోపల. ఇన్సులిన్ లేనప్పుడు, ఒంట్లో ఆమ్లం పెరిగినప్పుడు అది కణాల్లోంచి రక్తంలోకి వస్తుంది. అక్కడి నుంచి మూత్రంలో పోతుంది. కాబట్టి రిపోర్టులో నార్మల్ కనిపించినా ఒంట్లో నిల్వ తగ్గిపోయి ఉంటుంది. ఇన్సులిన్ మొదలుపెట్టగానే రక్తంలో ఉన్న పొటాషియం కణాల్లోకి తిరిగి వెళ్తుంది, రక్తంలో ఒక్కసారిగా పడిపోతుంది, గుండె లయ తప్పవచ్చు. అందుకే రిపోర్ట్ 3.5 కంటే తక్కువ ఉంటే ముందు పొటాషియం సరిచేసి, ఆ తర్వాతే ఇన్సులిన్ మొదలుపెడతారు. మూత్రం వస్తోందో లేదో చూసి గానీ పొటాషియం కలపరు, కిడ్నీ పనిచేయకపోతే అది ఒంట్లో పేరుకుంటుంది కాబట్టి. పొటాషియం క్లోరైడ్‌ను ఎప్పుడూ, ఎవరు చెప్పినా సిరంజితో నేరుగా సిరలోకి ఇవ్వకూడదు. సెలైన్‌లో బాగా కలిపి, మెల్లగా ఎక్కించాలి. నువ్వు నర్సుగా ఉన్నంతకాలం ఇది పట్టుకో.

వైవాలో తరచూ వచ్చే ఇంకో ప్రశ్న కూడా చెప్తాను. షుగర్ 250కి దిగాక గ్లూకోజ్ సెలైన్ పెట్టి, ఇన్సులిన్ ఎందుకు ఆపరు? షుగర్ దిగినంత త్వరగా కీటోన్లు పోవు. ఇన్సులిన్ ఉంటేనే అవి ఆగుతాయి. దాన్ని కొనసాగించాలంటే షుగర్ మరీ పడిపోకుండా గ్లూకోజ్ ఇవ్వాలి.

ప్రశ్న: మా పాప రాత్రి రెండింటి దాకా చదువుతుంది, పొద్దున ఆరింటికి క్లినికల్ పోస్టింగ్‌కు వెళ్తుంది. పరీక్షల ముందు ఇలాగే చదవాలా?
– ఒక తల్లి, పుత్తూరు

జవాబు: వద్దమ్మా. చదివింది మెదడులో స్థిరపడేది నిద్రలోనే. పదకొండింటికి పుస్తకం మూయించండి. పోస్టింగ్‌లో చూసిన ఒక్క పేషెంట్ గురించి సాయంత్రం మీకు ఐదు నిమిషాలు చెప్పమనండి, పేరు, ఊరు చెప్పకుండా. మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే ఆ పాఠం వచ్చినట్టే.

ప్రశ్న: మేడమ్, ఎమర్జెన్సీలో ఒకే రాత్రి ఇద్దరు పాముకాటు పేషెంట్లను చూశాను. ఒకరికి చిగుళ్ల నుంచి రక్తం, ఇంకొకరికి కనురెప్పలు వాలిపోయాయి. రెండూ పాము విషమే కదా, ఎందుకింత తేడా?
– బీఎస్సీ విద్యార్థిని, శ్రీకాళహస్తి

జవాబు: విషం దేని మీద పడుతుందన్నదే తేడా. రక్తపింజర విషం రక్తం గడ్డకట్టే ఫ్యాక్టర్లను, ముఖ్యంగా ఐదు, పది నంబర్ల వాటిని, రక్తనాళాల లోపలే రేపుతుంది. శరీరం ఉన్న ఫ్యాక్టర్లన్నీ ఖర్చు చేసేసుకుంటుంది. ఇక గడ్డకట్టడానికి ఏమీ మిగలదు, చిగుళ్లు, సూది గుచ్చిన చోట్లు కారడం మొదలవుతుంది. అందుకే 20 నిమిషాల పరీక్ష: 2 మి.లీ. రక్తం శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో పోసి కదపకుండా 20 నిమిషాలు ఉంచి ఒంచి చూస్తాం. గాజే కావాలి, ఎందుకంటే గాజు తగిలితేనే గడ్డకట్టే ప్రక్రియ మొదలవుతుంది. ప్లాస్టిక్ ట్యూబులో, సబ్బుతో కడిగిన ట్యూబులో ఫలితం తప్పుగా వస్తుంది. ఈ విషం కిడ్నీని కూడా దెబ్బతీస్తుంది కాబట్టి గంటగంటకూ మూత్రం కొలవాలి.

రెప్పలు వాలినవాళ్లకు నరం నుంచి కండరానికి సంకేతం ఆగింది. నాగుపాము విషం కండరం వైపు, ఆ సంకేతం మోసే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని అందుకునే చోటును మూసేస్తుంది. కట్లపాము విషం నరం చివరే దెబ్బతీసి ఎసిటైల్‌కోలిన్ విడుదల కాకుండా చేస్తుంది. అందుకే ఎసిటైల్‌కోలిన్ త్వరగా విరిగిపోకుండా ఆపే నియోస్టిగ్మిన్ మందు నాగుపాము కాటులో పనిచేసినట్టు కట్లపాము కాటులో పనిచేయదు. కట్లపాము ఎక్కువగా రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, గాటు కూడా సరిగా కనపడదు. తెల్లవారుజామున కడుపునొప్పి అని వచ్చి, కాసేపటికి రెప్పలు బరువెక్కుతున్నాయంటే కాటు కనిపించలేదని వదిలేయవద్దు. రెప్పల తర్వాత గొంతు, ఆ తర్వాత ఊపిరి కండరాలు. ఒక్క ఊపిరిలో ఎంతవరకు అంకెలు లెక్కపెట్టగలడో మాటిమాటికీ అడుగు. లెక్క తగ్గుతూ వస్తే శాచురేషన్ పడేదాకా ఆగకుండా డాక్టర్‌ను పిలువు.

మన దేశంలో దొరికే యాంటీవెనమ్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ కలిపి తయారుచేసింది. గుర్రాల రక్తం నుంచి తీసిన ప్రోటీన్ కాబట్టి అలర్జీ రావచ్చు. ఎక్కించే ముందే అడ్రినలిన్ సిరంజిలోకి తీసి ట్రేలో పెట్టుకో. డ్రిప్ మొదలైన కొత్తలో దద్దుర్లు, దగ్గు, వాంతులు, బీపీ పడటం వీటి కోసం మంచం పక్కనే నిలబడి చూడు. ఏ ఒక్కటి కనిపించినా డ్రిప్ ఆపి పిలువు.