ఫ్రీ కంపైలర్‌ను ప్రోడక్ట్‌లో నమ్మొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీ దగ్గర రెండు బోర్డులున్నాయి, ఒకదాని మీద ఆర్మ్ కార్టెక్స్-ఎం0 చిప్, ఇంకోదాని మీద పాత 8-బిట్ పిక్ చిప్. ఇన్నాళ్లూ డబ్బు పెట్టి కొన్న కంపైలర్లు (సీ కోడ్‌ని చిప్ ఇన్‌స్ట్రక్షన్లుగా మార్చే ప్రోగ్రాములు) వాడారు. ఇప్పుడు ఫ్రీగా దొరికే జీసీసీకి (ఎం0 కోసం), ఎస్‌డీసీసీకి (పిక్ కోసం) మారదామంటే మీ సీనియర్ "ఊరికే వచ్చేదాన్ని ప్రోడక్ట్‌లో ఎలా పెడతాం" అంటున్నారు. ఏది ఎంత నమ్మదగినదో ఎలా తేల్చుకోవాలి?

ఆ మాట నేనూ ఒకప్పుడు అన్నవాడినే. కార్టెక్స్-ఎం4 మీద నెలల తరబడి చక్కగా నడిచిన డ్రైవర్ ఒకటి ఉండేది. దాన్ని ఎం0 చిప్ మీదకి తెచ్చేసరికి టైమర్ పిచ్చిపిచ్చిగా నడవడం మొదలైంది. కోడ్ ఒక్క అక్షరం మారలేదు కాబట్టి తప్పు జీసీసీదే అని మీటింగ్‌లో అందరి ముందూ చెప్పేశాను. మూడు రోజులు పోయాక ఆబ్జ్‌డంప్ అనే టూల్‌తో అసెంబ్లీ (కంపైలర్ తయారుచేసిన ఇన్‌స్ట్రక్షన్లు) తీసి చూస్తే, ఒక 32-బిట్ రిజిస్టర్‌కి ఒకేసారి జరగాల్సిన రైట్ నాలుగు విడి బైట్లుగా జరుగుతోంది. కారణం ఏమిటంటే, రిజిస్టర్ల స్ట్రక్చర్‌కి ఎవరో ప్యాక్డ్ అని తగిలించారు. అలా రాస్తే, ఈ అడ్రస్ నాలుగుతో భాగింపబడుతుందన్న హామీ లేదని కంపైలర్‌కి చెప్పినట్టే. ఎం4 అలాంటి అడ్రస్‌ని కూడా ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌తో రాయగలదు, ఎం0 రాయలేదు. అందుకని కంపైలర్ బైట్లుగా విడగొట్టింది. మా చిప్ బస్సేమో ఒక్క బైటు రాసినా దాన్నే నాలుగుసార్లు కాపీ చేసి రిజిస్టర్ మొత్తం నింపేస్తుంది. కంపైలర్ చేసింది సరైన పనే. ఆ "ఎవరో" ఎవరా అని హిస్టరీ చూస్తే నా పేరే ఉంది.

ఇప్పటిదాకా "ఇది కచ్చితంగా కంపైలర్ బగ్" అని నేను అనుకున్నవి ఓ ఇరవై ఉంటాయి. వాటిలో నిజంగా కంపైలర్‌దని తేలింది ఒక్కటే. అది కూడా ఒక చిన్న 8-బిట్ చిప్ కంపైలర్‌లో, పాత వెర్షన్‌లో. బగ్ లిస్టులో వెతికితే నాకంటే ముందే ఎవరో రాసి ఉన్నారు, తర్వాతి వెర్షన్‌లో సరిచేశారు కూడా. మిగతావన్నీ పాత కథలే: ఇంటరప్ట్‌లో (నడుస్తున్న పనిని మధ్యలో ఆపి చిప్ చేసే పనిలో) మారే ఫ్లాగ్‌కి వోలటైల్ (ప్రతిసారీ మెమరీ నుంచే చదవమని కంపైలర్‌కి చెప్పే మాట) పెట్టకపోవడం, 8-బిట్ చిప్ మీద 16-బిట్ కౌంటర్‌ని చదువుతుండగా మధ్యలో ఇంటరప్ట్ రావడం (దీన్ని వోలటైల్ కూడా ఆపలేదు), స్టాక్ పెరిగి వేరియబుల్స్ మీదకి ఎక్కడం, డిలే కోసం రాసిన ఖాళీ లూప్‌ని ఆప్టిమైజర్ తీసిపారేయడం. కంపైలర్ మార్చిన వారంలోనే ఇవన్నీ బయటపడతాయి, ఎందుకంటే పాతది అంత గట్టిగా ఆప్టిమైజ్ చేసి ఉండదు. మీ సీనియర్ మొదట చూపించేది ఇవే. వాటిని కొత్త కంపైలర్ ఖాతాలో వేయకండి.

ఇక డబ్బు పెడితే నమ్మకం వస్తుందా అన్న సంగతి. 2008లో యూటా విశ్వవిద్యాలయ పరిశోధకులు 13 సీ కంపైలర్లను తీసుకుని, వోలటైల్ వేరియబుల్స్‌ని సరిగ్గా చదివి రాస్తున్నాయా అని పరీక్షించారు. పదమూడింటిలోనూ ఎక్కడో ఒకచోట తప్పు కోడ్ దొరికింది. తర్వాత సీస్మిత్ అనే టూల్‌తో, యాదృచ్ఛికంగా పుట్టించిన ప్రోగ్రాములు ఇచ్చి చూసి, మూడేళ్లలో 325కి పైగా బగ్గులు రిపోర్ట్ చేశామని 2011లో రాశారు. పరీక్షించిన వాటిలో అమ్ముడయ్యేవీ ఉన్నాయి, ఫ్రీవీ ఉన్నాయి. అసలు ఇప్పుడు ఆ గీతే చెరిగిపోయింది. మైక్రోచిప్ ఎక్స్‌సీ32 లోపల ఉన్నది జీసీసీ, ఆర్మ్ కంపైలర్ 6 లోపల ఉన్నది ఎల్ఎల్‌వీఎం అనే ఇంకో ఓపెన్ సోర్స్ కంపైలర్.

కాబట్టి "జీసీసీ నమ్మదగినదా" అని అడిగితే జవాబు రాదు. "ఈ చిప్‌కి, ఈ వెర్షన్, ఈ ఫ్లాగులతో (కంపైలర్‌కి ఇచ్చే ఆప్షన్లతో) నమ్మొచ్చా" అని అడగాలి. సీ భాషను అర్థం చేసుకునే భాగాన్ని, మధ్యలో ఆప్టిమైజ్ చేసే భాగాన్ని ప్రపంచమంతా రోజూ వాడుతోంది. సర్వర్ల మీద నడిచే కోడ్ కూడా వాటిగుండా వెళ్లిందే. కానీ చివర్లో మీ చిప్‌కి ఇన్‌స్ట్రక్షన్లు తయారుచేసే భాగం, అంటే బ్యాక్ఎండ్, ఒక్కో చిప్ కుటుంబానికి వేరు. ఆర్మ్‌ది చూసుకోవడానికి ఉద్యోగం మీద పనిచేసేవాళ్లున్నారు. చిన్న చిప్పులకు ఒకరిద్దరే ఉంటారు, ఒక్కోసారి వాళ్లూ ఉండరు. పైగా పెద్ద చిప్పుల్ని మనసులో పెట్టుకుని మధ్య భాగంలో చేసిన మార్పు చిన్నవాటికి తగులుతుంది. జీసీసీ 12 వచ్చినప్పుడు ఏవీఆర్ అనే 8-బిట్ చిప్పులు వాడేవాళ్లకి మామూలు రిజిస్టర్ రైట్ల మీదే "అర్రే (array) హద్దు దాటింది" అని వార్నింగులు కుప్పలుగా వచ్చాయి. సున్నాకి దగ్గర అడ్రస్ అంటే నల్ పాయింటర్ పొరపాటే అని కంపైలర్ అనుకుంది. ఏవీఆర్‌లో రిజిస్టర్లు ఉండేదే అక్కడ! అప్పుడు కోడ్ చెడలేదు, వార్నింగులతోనే పోయింది. కానీ ఎవరి అవసరాలకు ముందు చోటు దొరుకుతుందో తెలిసిపోతుంది.

అందుకే నేను మొదట చూసేది బ్యాక్ఎండ్ ఫోల్డర్‌లో గత ఏడాది ఎవరైనా పనిచేశారా అన్నది. తర్వాత బగ్ డేటాబేస్. మొత్తం ఎన్ని బగ్గులున్నాయన్న లెక్క పనికిరాదు, వాడేవాళ్లు ఎక్కువైతే రిపోర్టులూ ఎక్కువే. జీసీసీ బగ్ డేటాబేస్ అయిన బగ్‌జిల్లాలో "రాంగ్-కోడ్" అని ఒక కీవర్డ్ ఉంటుంది, అంటే కంపైలర్ నోరు మెదపకుండా తప్పు కోడ్ ఇచ్చిన కేసులు. మీ టార్గెట్‌కి వాటిని వడగట్టి, తెరిచి ఉన్నవి ఎంత కాలంగా తెరిచి ఉన్నాయో చూడండి. గంట పని. ఆ గంటలో తెలిసేది బెంచ్‌మార్కులు చదివితే తెలియదు.

లైబ్రరీని మర్చిపోకండి. కంపైలర్ కన్నా నన్ను ఎక్కువ ఏడిపించింది అదే. చిన్న చిప్పుల కోసం వాడే సీ లైబ్రరీ న్యూలిబ్ నానోలో ప్రత్యేకంగా లింకర్‌కి చెప్తే తప్ప ప్రింట్‌ఎఫ్ దశాంశ సంఖ్యల్ని ప్రింట్ చేయదు. తెలియనివాడికి అది అచ్చం కంపైలర్ బగ్‌లా కనిపిస్తుంది.

మీది వైద్య పరికరమో, కారు బ్రేకుకి సంబంధించిందో అయితే మాత్రం సీనియర్ మాటే వినండి. అక్కడ టూల్‌కి అర్హత పత్రాలు చూపించాలి, మామూలు జీసీసీతో ఆ కాగితాలు రావు. ఓపెన్ సోర్స్ అంటే అవి ఎప్పటికీ రావనీ కాదు: రస్ట్ భాష కంపైలర్ ఫెర్రోసీన్ ఓపెన్ సోర్సే, 2023లో కార్ల భద్రతా ప్రమాణం ఐఎస్ఓ 26262 కింద అర్హత పొందింది.

మీ ఎం0 బోర్డుకి నేనైతే ఆలోచించకుండా జీసీసీ వాడతాను. 13.1 లాంటి మొదటి రిలీజ్ కాకుండా .2 గానీ .3 గానీ తీసుకుని, ఆ ఇన్‌స్టాలర్‌ని కోడ్‌తో పాటే దాచి, ప్రోడక్ట్ బయటికి వెళ్లేదాకా మార్చను. అదే కోడ్‌ని క్లాంగ్‌తో (ఎల్ఎల్‌వీఎం వాళ్ల సీ కంపైలర్) కూడా కట్టి రెండింటితోనూ టెస్టులు నడుపుతాను. ఫలితాలు తేడా వస్తే పదిసార్లలో తొమ్మిదిసార్లు నా కోడ్‌లోనే ఏదో దొరుకుతుంది. టెస్టింగ్ ఏ ఆప్టిమైజేషన్ లెవెల్‌లో చేశామో ప్రోడక్ట్ కూడా అదే లెవెల్‌లో వెళ్లాలి. డీబగ్ కోసం ఓ0లో (-O0, ఆప్టిమైజేషన్ లేకుండా) పరీక్షించి చివరి రోజు ఓఎస్‌కి (-Os, కోడ్ సైజు తగ్గించే లెవెల్) మార్చడం కన్నా టెన్షన్ ఇంకోటి లేదు.

పిక్ బోర్డుకి మాత్రం మారకండి. ఎస్‌డీసీసీలో 8051, జెడ్80, ఎస్‌టీఎం8 భాగాలు బాగా నడుస్తున్నాయి, వాటి మీద టెస్టులు క్రమం తప్పకుండా నడుపుతారు. పిక్ భాగాలను చూసుకునేవాళ్లు లేరని వాళ్లే రాసి పెట్టారు. దానికి చిప్ తయారీదారు ఇచ్చే కంపైలర్‌తోనే ఉండండి.